ట్యాంకులో రెండు ప్రయాణాలు

“జీపు నువ్వు ఆపేవా, అదే ఆగిందా?” అని అడిగారు డెబోరా మేడమ్.

“అదే ఆగిపోనాదమ్మా. వడ్డాది సెంటరు ఇంకా అర కిలోమీటరు ఉందనగా.”

“టైము?”

“ఎనిమిదీ నలభై.”

“చేతికి వాచీ లేదు. ఎలా తెలిసింది?”

ఏబెల్ తన ఖాళీ మణికట్టు కేసి చూసుకున్నాడు. “గణపతిరావు బాబు ఫోను తీసి సూసేరు. ఎనిమిదీ నలభైకే సచ్చిందేటిరా ఇది అన్నారు.”

8.40 అని రాసుకున్నాను. నా పేరు రేవతి. పదకొండేళ్లు కోర్టులో స్టెనోగా అందరి అబద్ధాలూ టైపు చేసి, విసుగొచ్చి డెబోరా మేడమ్ దగ్గర చేరాను. ఆవిడ రిటైరయ్యే దాకా ఈ చుట్టుపక్కలే బ్రేక్ ఇన్‌స్పెక్టరు. ఇప్పుడు విశాఖలో డిటెక్టివ్ అని బోర్డు పెట్టారు గాని, ఆవిడకి మనుషుల మాట కంటే బళ్ల మాట మీదే నమ్మకం. జీతమిచ్చే నా మాట మీద కూడా అంత నమ్మకం లేదు.

గురువారం ఉదయం పదీ పావు. మేం ముగ్గురం చోడవరం పోలీస్ స్టేషన్ వరండాలో బెంచీ మీద కూర్చున్నాం. ఎస్.ఐ. గారు మాకు పదిహేను నిమిషాలిచ్చారు. సాయంత్రం నాలుగింటికి ఏబెల్‌ని కోర్టులో పెడతారు. హత్య కేసు కింద ఒకసారి జైలుకెళ్తే బయటికెప్పుడొస్తాడో చెప్పలేం. గేటు అవతల అతని భార్య శాలోమి టిఫిన్ డబ్బా పట్టుకుని నిలబడి ఉంది. మమ్మల్ని పిలిపించింది ఆవిడే. పొద్దుటి నుంచీ ఆవిడ నాతో అన్నది ఒక్కటే మాట, “మా ఆయన ఇంజను ఇప్పగలడు గాని మనిషిని ముట్టుకోడమ్మా.”

కేసు ఇది. గణపతిరావు చెరకు రైతు, బెల్లం వండిస్తాడు. ఆయనకి అరవై ఎనిమిది మోడల్ పెట్రోల్ జీపు ఒకటుంది. మంగళవారం ఉదయం ఎనిమిదింటికి ఆయన మెకానిక్ ఏబెల్‌తో కలిసి ఆ జీపెక్కడం బజారులో సగం మంది చూశారు. ఆ తరవాత ఆయన్ని ఎవరూ చూడలేదు. బుధవారం ఉదయం చీడికాడ దాటాక కొండ కింద నీళ్లు నిండిన పాత రాతి క్వారీ గట్టు మీద ఆయన చెప్పులూ తువ్వాలూ దొరికాయి. నీళ్లలో నిన్నటి నుంచీ వెతుకుతున్నా శవం దొరకలేదు. ఆయనతో ఆఖరున కనిపించినవాడు కాబట్టి ఏబెల్ లోపలికొచ్చాడు.

“జీపు నీ దగ్గరికి ఏ కంప్లయింటుతో వచ్చింది?” అన్నారు మేడమ్.

“పెట్రోలు తాగేస్తందని, నల్లటి పొగ వదుల్తందని. సోకు సూసేను, గాలి మూత బాగానే తెరుసుకుంటంది. గాలి ఫిల్టరు కడిగేను. పెట్రోలు సిమ్మే జెట్లు ఊదేను. అయినా పోలేదు. ట్రయలేస్తే గాని తెలీదని సెప్పి బయల్దేరితే, బాబు కూడా ఎక్కేరు. వడ్డాది కాడ ఆగిపోయినాక కార్బురేటర్ మూత ఇప్పి ఫ్లోటు తీసేను. ఊపితే లోపల గలగలమంది.”

నా మొహం చూసి మేడమ్ నా కోసం ఆగారు. “మేడ మీద నీళ్ల ట్యాంకులో బంతి తేలుతుంది చూడు, నీళ్లు నిండగానే పైకి లేచి పంపు మూసేస్తుంది. కార్బురేటర్‌లో పెట్రోలుకి అలాంటిదే ఇత్తడి బుడ్డి ఉంటుంది. దానికి కన్నం పడితే లోపలికి పెట్రోలు దూరి మునిగిపోతుంది. ఇంక పంపు మూసేవాడు లేడు. ఇంజనులోకి అవసరానికి రెండింతలు, మూడింతలు పెట్రోలు పడుతుంది. నల్లపొగ అందుకే.” మళ్లీ ఏబెల్ వైపు తిరిగారు. “అది గణపతిరావు గారికి చెప్పేవా?”

“ఆయన సెవి కాడెట్టి ఊపి ఇనిపించేను. సూదిమొనంత కన్నం సూపించేను. నువ్వు జీపు అట్టుకెల్లిపో, నాకిక్కడ పనుంది, ఆటోలో వస్తానన్నారు. దిగిపోయేరు. నాను పొగ తాగుకుంటా, ఆగుకుంటా పది గంటలకి సోడవరం వచ్చేను. ఇంట్లో ఎవలూ నేరు. జీపు పాకలో ఎట్టి, తాళం మేకుకి తగిలించి, కొత్త ఫ్లోటు కోసం అనకాపల్లి బస్సెక్కేసేను. అక్కడా దొరకనేదు.”

“పాతదే అతికించొచ్చుగా?”

ఏబెల్‌కి చిన్నతనంగా అనిపించినట్టుంది. “సీసం ఎడితే బరువైపోద్దమ్మా, మల్లీ మునుగుద్ది. అలాటి పని సెయ్యను.”

“ఫ్లోటుకి కన్నముందని మంగళవారం ఇంకెవరికైనా చెప్పేవా? భార్యకి?”

“నేదమ్మా. సాయంత్రం నాలుగింటి కాణ్నుంచీ మా చర్చిలో కూటాలు, మైకు సెట్టు నాదే. రాత్రి పందిట్లోనే పాస్టరు గారి పక్కన పడుకున్నాను. బుధవారం పోలీసోలు అడిగినప్పుడే మొదట సెప్పేను.”

అతను గేటు అవతల భార్య కేసి చూశాడు. “నేను సెప్పింది అబద్దమంటన్నారు. జీపు బుధవారం పొద్దున్న సుబ్బరంగా నడిసిందంట, పొగే నేదంట. అదెలాగో నాకూ తెలీదు. నిజంగా తెలీదమ్మా.”

మేడమ్ అతని భుజం తట్టలేదు, ధైర్యం చెప్పలేదు. ఆవిడకి ఆ అలవాటు లేదు. “నాలుగింటి లోపల తెలుసుకుంటాను” అని లేచారు.

*

గణపతిరావు ఇల్లు ఊరి చివర. స్టేషన్‌లో అనుమతి కాగితం రాయించుకుని జీపు పాకకి మేం వెళ్లేసరికి పదకొండున్నర. మాకంటే ముందు సెంటు వాసన వచ్చి ఉంది, దాని వెనకే ఉదయ్‌కుమార్ ఉన్నాడు. విశాఖలో పెద్ద ఏజెన్సీ నడిపే ఈ పెద్దమనిషికి నల్లద్దాలు పాకలోకి వచ్చినా తియ్యాలని తోచదు. గణపతిరావు తమ్ముడు శివాజీ ఇతన్ని బుధవారం ఉదయమే పిలిపించాడు. జీపు నడిపి చూసి, ఏబెల్ చెప్పింది అబద్ధమని పోలీసులకి చెప్పింది కూడా ఇతనే.

“రండి మేడమ్, బ్రేకులు చెక్ చేస్తారా?” అన్నాడు.

“ముందు నీ లెక్క చెప్పు” అన్నారు డెబోరా మేడమ్.

“సింపుల్. మైలు మీటరు పనిచెయ్యదు. కానీ మంగళవారం ఏడున్నరకి బంకులో ఫుల్ ట్యాంకు కొట్టించారు. బుధవారం ఉదయం నడిపే ముందే నేను పుల్ల పెట్టి కొలిచాను. పన్నెండు లీటర్లు తక్కువ. ఈ జీపు లీటరుకి ఎనిమిది ఇస్తుంది. అంటే తొంభై ఆరు కిలోమీటర్లు. ఏబెల్ వడ్డాది వెళ్లొచ్చానంటాడు, అది రానూ పోనూ పద్దెనిమిది. చీడికాడ క్వారీకి వెళ్లొస్తే దాదాపు యాభై. పెట్రోలు అబద్ధం చెప్పదు మేడమ్.”

“తొంభై ఆరులో యాభై పోతే మిగతా నలభై ఆరు ఎక్కడ తిరిగాడు?”

“చోటు కోసం వెతుక్కుని ఉంటాడు.”

“పక్కన యజమానిని కూర్చోబెట్టుకునా? ఎనిమిదికి బయల్దేరి పదికి తిరిగొచ్చాడు. ఈ జీపు మీద రెండు గంటల్లో తొంభై ఆరు కిలోమీటర్లూ, మధ్యలో ఒక హత్యా?”

ఉదయ్‌కుమార్ నవ్వాడు. అతని వెనక శివాజీ చేతులు కట్టుకుని నిలబడ్డాడు. నలభై అయిదేళ్లుంటాయి, మాట మెత్తన. “ఏదైనా తొందరగా తేల్చండమ్మా. మా అన్నయ్యకి సెయ్యవలసినవి ఉన్నాయి” అన్నాడు. గుమ్మంలో గణపతిరావు భార్య సన్యాసమ్మ స్తంభానికి చేరగిలబడి ఉంది. ఆవిడ ఏడవడం లేదు. ఏడ్చి ఏడ్చి అలసిపోయిందనుకుని నాకు జాలేసింది.

మేడమ్ తాళం తిప్పారు. జీపు ఒక్క దెబ్బకి స్టార్టయింది. పొగ లేదు, దగ్గు లేదు, పెట్రోలు వాసన కూడా లేదు. ఇంక ఏబెల్ పని అయిపోయిందనుకున్నాను. ఉదయ్‌కుమార్ మళ్లీ నవ్వాడు. ఈ మనిషికి పళ్లు బాగుండటం వల్ల మాకు ఎన్ని బాధలో.

మేడమ్ ఇంజను ఆపి, చల్లారాక సైలెన్సర్ గొట్టంలోకి వేలు పెట్టారు. బయటికి తీస్తే రెండో కణుపు దాకా కాటుక. మెత్తగా, తడిగా, నూనెలా అంటుకుంది.

“పొగ రాని ఇంజనుకి ఇంత మసి ఎందుకుంది?”

“ముసలి బండి” అన్నాడు ఉదయ్‌కుమార్.

“ముసలి మసి పొడిగా ఉంటుంది. ఇది ఈ వారంది.” ప్లగ్గు ఒకటి ఊడదీసి వెలుగులోకి పట్టుకున్నారు. “పెట్రోలు ఎక్కువ తాగే ఇంజనులో ప్లగ్గు బొగ్గులా ఉండాలి. మామూలుగా నడిచేదైతే గోధుమ రంగు. ఇది రెండూ కాదు. చూడు రేవతీ, గరుకు కాగితంతో రుద్దిన గీతలు, తళతళలాడుతున్నాయి. ఏబెల్ బండి వదిలేసి వెళ్లాక ఎవరో నాలుగు ప్లగ్గులూ తీసి తోమారు.”

“లేదా ఏబెలే తోమాడు. మెకానిక్ కదా.”

“తోమి, పొగ రాకుండా చేసి, తరవాత పోలీసులతో పొగ వచ్చిందని చెప్పాడా? తన మాట తనే అబద్ధం చేసుకోడానికి అంత కష్టపడ్డాడా ఉదయ్?”

అతను నల్లద్దాలు తీశాడు. నాకు తెలిసి అది మొదటిసారి.

కార్బురేటర్ మూత స్క్రూలు విప్పడానికి మేడమ్‌కి మూడు నిమిషాలు పట్టింది. లోపలి నుంచి ఇత్తడి బుడ్డి తీసి, తుడిచి, చెవి దగ్గర ఊపారు. తరవాత నా చెవి దగ్గర ఊపారు. ఏ చప్పుడూ లేదు. గలగలమందని ఏబెల్ చెప్పిన చోట ఇప్పుడు చుక్క పెట్రోలు లేదు. దాన్ని తిప్పి చూస్తే అడుగున కందిపప్పంత అతుకు కనిపించింది. సీసంలా మెరవడం లేదు. ముదురు గోధుమ రంగులో, రాయిలా గట్టిగా ఉంది.

“అదిగో!” అన్నాడు ఉదయ్‌కుమార్. “అతికించాడు. అతికించనే లేదని పోలీసులకి చెప్పాడు.”

“ఫొటో తీసుకో రేవతీ. నాలుగు వైపులా.” తీశాను. మేడమ్ చిన్న చాకుతో అతుకులో సగం గీరి కాగితంలో పొట్లం కట్టి నాకిచ్చారు. “సన్యాసమ్మ గారూ, ఒక గ్లాసుడు వేణ్నీళ్లు ఇస్తారా? బాగా మరిగినవి.”

వేణ్నీళ్లు మెకానిక్కుల పద్ధతి. ఫ్లోటుని ముంచితే లోపలి గాలి వేడెక్కి, కన్నం ఉన్నచోట బుడగలొస్తాయి. అతుకు గట్టిదైతే బుడగ రాదు. ఇది నాకు అప్పుడే చెప్పారు. సన్యాసమ్మ స్టీలు గ్లాసు తెచ్చి బానెట్ మీద పెట్టింది. మేడమ్ బుడ్డిని ముంచారు.

బుడగలు రాలేదు. పది లెక్కపెట్టేసరికి అతుకు అంచు మెత్తబడింది. ఇరవైకి జారింది. నీళ్లలోకి గోధుమ రంగు తీగలా దిగింది, దాని వెనకే బుడగలు వరసకట్టి పైకొచ్చాయి. గ్లాసు అడుగున తెల్లటి ముద్ద కొంచెం మిగిలింది. మేడమ్ ఆవిరి మీదకి వంగి వాసన చూశారు. నన్నూ చూడమన్నారు. పెట్రోలు వాసన కింద నుంచి ఇంకో వాసన వచ్చింది. నాకు అమ్మమ్మ గారి వంటిల్లు గుర్తొచ్చింది.

“బెల్లం!” అన్నాను.

“బెల్లమూ, సున్నమూ” అన్నారు మేడమ్.

“కార్బురేటర్‌లో బెల్లమా?” ఉదయ్‌కుమార్ గొంతులో మొదటిసారి వెటకారం లేదు. “పెట్రోల్లో కరిగిపోదూ?”

“పెట్రోల్లో బెల్లం కరగదు. నీళ్లలోనే కరుగుతుంది. సున్నంతో దంచి పెడితే ఒక పూటకి రాయిలా బిగుస్తుంది. మా నాన్న ఇలాంటి బళ్ల ట్యాంకుల కింద ఇదే పెట్టేవాడు. వర్షంలో ఊడిపోయేది, మళ్లీ పెట్టేవాడు. మెకానిక్కు షాపులో ఇప్పుడెవరూ ఈ పని చెయ్యరు. సీసమే పెట్టనన్న ఏబెల్ అసలు చెయ్యడు. చేతికి బెల్లం అందుబాటులో ఉండి, చిన్నప్పటి నుంచీ పగిలినదానికల్లా ఇదే పెట్టడం అలవాటైన మనిషి చేసిన పని ఇది.”

ఇక్కడ ఆవిడ ఆగి ఉండాల్సింది. నేనూ ఆపి ఉండాల్సింది. కాని ఎదురుగా ఉదయ్‌కుమార్ నోరెళ్లబెట్టుకుని ఉన్నాడు. మూడేళ్లుగా మా కేసులన్నిట్లోనూ అడ్డం పడి నవ్విన మనిషి. ఆ క్షణం ఆవిడకెంత తియ్యగా ఉందో నాకంతే తియ్యగా ఉంది, ఒప్పుకుంటున్నాను.

“ఇప్పుడు నీ పన్నెండు లీటర్లు లెక్క కడదాం” అన్నారు. “ఈ ట్యాంకులో ఒక ప్రయాణం కాదు ఉదయ్, రెండున్నాయి. మంగళవారం ఉదయం ఏబెల్ కన్నం పడ్డ ఫ్లోటుతో పద్దెనిమిది కిలోమీటర్లు తిరిగాడు. ఆ పొగకి లీటరుకి మూడు కంటే రాదు. ఆరు లీటర్లు. మిగిలింది ఆరు. అది అతుకు పెట్టాక, పొగ లేకుండా, లీటరుకి ఎనిమిది చొప్పున. నలభై ఎనిమిది కిలోమీటర్లు. అది ఎక్కడికి వెళ్లొస్తే సరిపోతుందో నువ్వే చెప్పావు.”

“క్వారీకి” అన్నాడతను నెమ్మదిగా.

“పదింటి తరవాత పెట్టిన అతుకు బిగిసేసరికే సాయంత్రమవుతుంది. మంగళవారం సాయంత్రం నాలుగు నుంచి బుధవారం ఉదయం దాకా ఏబెల్ చర్చిలో ఉన్నాడు, పాస్టరూ ఊరంతా సాక్షి. కాబట్టి రెండో ప్రయాణం అతనిది కాదు. ఇంక ఒక్కటే ప్రశ్న. జబ్బు ఫ్లోటులో ఉందని ఆ రాత్రికి ఎవరికి తెలుసు? వడ్డాది రోడ్డు మీద ఇద్దరే ఉన్నారు. ఒకడు ఏబెల్. రెండోవాడి చెవి దగ్గర ఏబెల్ దాన్ని ఊపి చూపించాడు.”

వెనక ఎక్కడో దూడ అరిచింది.

“అన్నయ్యా?” అన్నాడు శివాజీ.

“గణపతిరావు గారే. మంగళవారం సాయంత్రానికి ఆయన నిక్షేపంగా బతికున్నారు. ఫ్లోటు ఎండబెట్టి, అతికించి, ప్లగ్గులు తోమి, తన చెప్పులు తనే తీసుకెళ్లి క్వారీ గట్టున పెట్టి, జీపు తెచ్చి ఇక్కడ వదిలి వెళ్లారు. ఎందుకో నాకు తెలీదు. కాని ఈ బెల్లం వాసన చూడండి, నిల్వది కాదు, పచ్చి పాకం వాసన. ఈ వారం దించింది. ఈ వారం ఆయన మనుషులు పాకం దించిన పొయ్యి ఎక్కడుందో చూస్తే, ఆయనా అక్కడే ఉంటారు.”

శివాజీ భుజం మీది కండువాతో మొహం తుడుచుకున్నాడు. తుడుస్తూ చాలాసేపు అలాగే ఉండిపోయాడు. ఆనందమనుకున్నాను. “పోలీసోలకి నేనే సెప్పొస్తాను. ఏబెల్‌ని వదిలెయ్యాల కదా, పాపం” అని గబగబా బయటికెళ్లి మోటారు సైకిలెక్కాడు. పన్నెండూ యాభై.

మేడమ్ ఎస్.ఐ. గారికి ఫోన్ చేసి అంతా వివరించారు. ఆయన రెండు ప్రశ్నలడిగి, పొట్లమూ ఫొటోలూ తెమ్మన్నారు, పాస్టరుతో తనే మాట్లాడతానన్నారు. “మీరు చెప్పింది నిలబడితే ఇవాళ కోర్టులో పెట్టను మేడమ్” అన్నారు. నేను శాలోమికి ఫోన్ చేశాను. అవతల నుంచి “దేవా” అని ఒక్కమాట వచ్చింది. నాకూ కళ్లు చెమర్చాయి. అలాంటి ఫోన్లు చేసే భాగ్యం మా ఉద్యోగంలో ఏడాదికొకటో రెండో.

మేం సామాను సర్దుకుని, సన్యాసమ్మ వాంగ్మూలం కోసం కూర్చునేసరికి ఎస్.ఐ. గారే మళ్లీ ఫోన్ చేశారు. పాస్టరు గారు ఏబెల్ మాటే చెప్పారట. మేడమ్ సంతోషంగా, “శివాజీ గారు మీ దగ్గరే ఉన్నారా?” అనడిగారు.

“శివాజీయా? ఇక్కడికెవరూ రాలేదే.”

స్టేషన్ రెండు వీధుల అవతల. టైము ఒంటిగంటా పన్నెండు.

మేడమ్ సన్యాసమ్మ వైపు తిరిగారు. సన్యాసమ్మ స్తంభం వదిలేసి నేల మీద కూలబడింది.

“ఆడి ముందర ఎందుకు సెప్పేవమ్మా?” అంది. గొంతు పెంచలేదు. “ఆయన దాక్కున్నది ఆడి నుంచే.”

“మీకు తెలుసా?” అన్నాను.

“తెలుసు. పోయిన నెల మోటారు నూతి కాడ ఆడు ఎనక నుంచి తోసేసేడు. పైపు దొరికింది కాబట్టి ఈయన బతికేడు. కాలు జారిందన్నారు అందరూ. పోలీసోల కాడికి ఎల్దామంటే, తమ్ముణ్ని నా సేత్తో జైల్లో ఎట్టలేను, పొలం పంపకాలు తేలీదాకా సచ్చిపోయినట్టు ఉంటానన్నాడు. నేను పోయేనని తెలిస్తే ఆడే మెత్తబడతాడేమో సూద్దామన్నాడు. పిచ్చిమనిషి.” కొంగుతో కళ్లొత్తుకుంది. “ఏబెల్‌ని పట్టుకెల్తారని మాకు తోచలేదమ్మా. నిన్నట్నుంచీ ముద్ద దిగలేదు నాకు. ఈయాల కోర్టుకొచ్చి నానే సెప్పీద్దామనుకున్నాను. మీరు ముందొచ్చేసేరు.”

ఆవిడ మీద కోపం రావాలి. అక్కడ శాలోమి టిఫిన్ డబ్బా పట్టుకుని రెండు రోజులు గేటు దగ్గర నిలబడింది. కాని కోపం రాలేదు, భయమే వచ్చింది.

“ఎక్కడున్నారాయన?” అన్నారు మేడమ్.

“రోలుగుంట దారిలో మా సెరుకు తోట. ఈ ఏడు పాకం దించింది అక్కడొక్కసోటే. ఆడికి తెలుసు. ఇదివరకంతా ఆడే సూసుకునేవాడు.”

ఉదయ్‌కుమార్ ఇంతసేపూ గోడకి ఆనుకుని నిలబడ్డాడు. “మేడమ్, నన్ను పెట్టుకున్నప్పుడు అతను హంతకుణ్ని పట్టుకోమనలేదు. అన్నయ్య నిజంగా పోయాడో లేదో ఖాయం చెయ్యమన్నాడు. ప్రేమ అనుకున్నాను” అన్నాడు. తరవాత తాళాలు జేబులోంచి తీసి, “నా కారుంది, రండి” అన్నాడు. ఆ మనిషి నోటివెంట ఒక మంచిమాట రావడం నేను విన్నది ఆ రోజే.

సన్యాసమ్మా నేనూ వెనక ఎక్కాం. మేడమ్ ముందు సీట్లో కూర్చుని ఎస్.ఐ. గారికి దారి చెప్పారు. ఆయన రోలుగుంట పోలీసులకి చెప్పి, తనూ బయల్దేరానన్నారు. చోడవరం నుంచి ఆ తోటకి మోటారు సైకిలు మీద ముప్పావుగంట. మేం ఇరవై అయిదు నిమిషాలు వెనక. ఉదయ్‌కుమార్ బాగా నడిపాడు, హారన్ మీద నుంచి చెయ్యి తియ్యకుండా. మేడమ్ వెనక్కి తిరిగి చూడలేదు. “గెలిచానని చూపించుకోడానికి నోరు జారాను రేవతీ” అన్నారు ఒక్కసారి.

“ఆయన దగ్గర ఫోను లేదా?” అనడిగాను సన్యాసమ్మని.

“తనది ఆపేసేడు. పాలేరుది ఒకటి ఉంది. కట్టేసి ఉంచుతాడు. అవసరమైతే ఆయనే సేస్తాడు.” అయినా పది సార్లు ప్రయత్నించింది. పది సార్లూ స్విచ్ఛాఫ్.

ఒంటిగంటా ముప్పై ఆరుకి ఆవిడ చేతిలో ఫోను మోగింది. స్పీకరు నొక్కింది. అవతల గొంతు నిమ్మళంగా, పొలం గట్టు మీద నిలబడి కబుర్లు చెబుతున్నట్టుగా ఉంది. గణపతిరావు గొంతు నేను వినడం అదే మొదలు.

“ఒసే, తమ్ముడొస్తన్నాడు. బండి గట్టున ఆపేసి ఒక్కడే నడిసొస్తన్నాడు. నన్ను సూసి సెయ్యూపేడు, నవ్వుతన్నాడే. నువ్వు గాని సెప్పేవా? మెత్తబడ్డాడు సూడు, నేనన్లేదూ? నేనే ఎదురెల్తన్నాను, ఉండు.”

“ఎల్లకు!” అని సన్యాసమ్మ కారంతా దద్దరిల్లేలా అరిచింది. “ఎల్లకయ్యా, ఎల్లకు!”

అప్పటికే ఆయన ఫోను పెట్టేశాడు.